మల్లారి బాణం

తూర్పున వెలుగురేక ఇంకా విచ్చుకోనేలేదు, కుంభగిరి కోట వెనక గురిబయలులో కొమ్ముబూర భోంయ్ మని మోగింది. అరవైమంది విలుకాళ్ళు ఒక్క ఉదుటున లేచి, తలగుడ్డలు చుట్టుకుంటూ, సగం నిద్రలోనే బయటికి పరుగెత్తారు. ఆ బయలు చూసితీరవలసిన చోటు సుమా! మూడు పక్కలా ఎర్రరాతి గుట్టలు. నాలుగో పక్క నీలివేణి నది, మంచుపొర కింద మెల్లగా కదులుతూ, ఆపైన ఎండపొడ తగలగానే ఒళ్ళంతా తళతళలాడుతూ. గుట్టల పాదాన బారులు తీరిన గడ్డిబొమ్మలు. ఒక్కో బొమ్మ వెనక నిలువెత్తు ఇసుకదిబ్బ. ఒక్కో బొమ్మ ముందు నడుంలోతు గుంట.

ఆ గుంట ఎందుకో చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. కుంభగిరి విలుకాళ్ళు జంటలు జంటలుగా సాధన చేస్తారు. ఒకడు బాణం వేస్తూ ఉంటే వాడి జంటకాడు ఎదుటి గుంటలో కూర్చుని, బాణం ఎక్కడ తగిలిందో చూసి గొంతెత్తి చెప్పాలి. దాన్ని గురిమాట అంటారు. దిగిన బాణాన్ని వేసినవాడు ముట్టుకోకూడదు, జంటకాడే పెరకాలి. గురిమాట చెప్పాక ఇక దానిమీద మారుమాట లేదు. మహారాజైనా సరే వెళ్ళి చూసిరాడు. ఆ మాటలో అబద్ధమాడిన వాడి విల్లు పదిమంది ఎదుటా విరిచేస్తారు. విల్లు విరిగినవాడికి కుంభగిరిలో పిల్లనివ్వడం మాట అటుంచి, పొయ్యిలోకి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు. మూడు తరాలుగా అలాంటి పాడు అవసరం రాలేదు.

ఇంకో కట్టుబాటు ఉంది. బాణం వదిలేముందు అది ఎవరిదో పేరు అరిచి మరీ వదలాలి. “ఇంగళుడి బాణం!” అనో, “మల్లారి బాణం!” అనో. గుంటలో ఉన్నవాడు తల దించుకోవడానికి పుట్టిన అలవాటు అది. పోనుపోను ప్రమాణమైపోయింది.

ఆ రోజు మాత్రం మామూలు సాధన కాదు. నెల కిందట ధూమగిరి మాంత్రికుడు కాలధూముడు తన రాకాసి డేగను పంపి, రాజకుమార్తె కనకలతను మేడమీంచి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉంటే ఎప్పుడో తీసేసేవాళ్ళు. ఆ దుర్మార్గుడు దాన్ని డేగ రెండు కళ్ళలో చెరిసగం దాచుకున్నాడు. మామూలు బాణాలకు ఆ డేగ ఈక కూడా చలించదు. అందుకని రాజగురువు ఇరవైయొక్క రోజులు జపం చేసి, నదిమట్టితో ఒక కన్ను చేసి ఇచ్చాడు. అరచేతంత బిళ్ళ, మధ్యలో వేలు దూరేంత బెజ్జం. ఆ బెజ్జంలోంచి దూసుకుపోయిన తొలి బాణానికి, ఆ ఒక్కదానికే, డేగ కంటిని చీల్చే శక్తి వస్తుంది. శక్తి వచ్చిందనడానికి గుర్తు, ఆ బాణం పెనంమీంచి తీసిన రొట్టెలా వెచ్చగా ఉంటుంది. దాన్ని వేసినవాడు మర్నాడే ధూమగిరికి బయలుదేరాలి. కుంభగిరి మొదటి విలుకాడు అన్న పేరు వాడికి జన్మంతా ఉంటుంది.

ఆ పేరు తనదేనని ఆరేళ్ళుగా అనుకుంటున్నవాడు ఇంగళుడు. ముప్పై ఏళ్ళవాడు, కవాటంలాంటి ఛాతీ, నిమ్మకాయలు నిలిచే మీసం. ఆరేళ్ళలో ఒక్క దసరాకి కూడా పందెం పోగొట్టుకోలేదు. మూడు నెలల కిందట ఎక్కడో కొండల్లో మేకలు కాసుకునే మల్లారి అనే కుర్రవాడు చిరుగుల కంబళి కప్పుకుని వచ్చి దళంలో చేరాడు. అప్పటినుంచి ఇంగళుడికి అన్నం సయించడం లేదు. పైగా వాణ్ణే తీసుకొచ్చి ఇతనికి జంటకాణ్ణి చేశారు!

పొద్దున్నే ఇంగళుడు బయ్యమ్మ పాకకు వెళ్ళాడు. దళమంతటికీ బాణాలు కట్టే ముసలమ్మ ఆవిడ. ఏ వెదురు నిటారుగా ఉందో కళ్ళు మూసుకుని వేళ్ళతో చెబుతుంది. ఒక్కొక్కరి బాణానికి ఒక్కో రంగు దారం చుడుతుంది. ఇంగళుడిది ఎరుపు, మల్లారిది ఆకుపచ్చ.

“అవ్వా, నా కట్ట ఏది?”

“అదిగో, గోడకి ఆనించా. తీసుకో.”

“గోడకా? ఎప్పుడూ నీ ఒళ్ళో పెట్టుకుని ఉండేదానివి గదా!”

“ఒళ్ళో ఇవాళ మల్లారివి ఉన్నాయి నాయనా” అంది బయ్యమ్మ, తల ఎత్తకుండానే. “వాడు వెదుళ్ళు కోసుకొచ్చాడు, నీళ్ళు మోశాడు, నా మోకాళ్ళకి నూనె మర్దనా చేసి వెళ్ళాడు. ఆరేళ్ళలో నువ్వు నా మోకాళ్ళు ఎక్కడున్నాయని అడిగావా?”

ఇంగళుడి ఒళ్ళు మండిపోయింది. కట్ట లాక్కుని, ఒక్కో బాణం కంటికి ఎత్తి చూశాడు. ఏ ఒక్కదానికీ వంక లేదు. వంక ఉంటే కాస్త బాగుండేది. ఆకుపచ్చ దారాల వైపు ఓరగా చూశాడు. అవి ఇంకా నిటారుగా ఉన్నట్టు అనిపించింది. ఆ తేడా వెదురులో లేదు, చూసే కంట్లో ఉంది.

సాధన మొదలైంది. దళవాయి చండకేతుడి గొంతుకు గుట్టల మీది పిట్టలు లేచిపోయేవి. తడి ఇసుక మూటలు భుజాన వేసుకుని బయలు చుట్టూ ఏడు చుట్లు పరుగు. తరువాత వందసార్లు నారి లాగి, బాణం లేకుండానే వదలడం. తరువాత మోకాళ్ళ మీద కూర్చుని, పడుకుని, వెనక్కి తిరిగి వేయడం.

“ఒరేయ్! అవి చేతులట్రా, సాంబారులో ములక్కాడలట్రా?” అని చండకేతుడు వరస వెంట తిరుగుతూ గర్జించాడు. “మోచెయ్యి ఎత్తు! ఇంకా ఎత్తు! నీ అత్తగారు వస్తోందనుకున్నావా, అలా ముడుచుకుపోతున్నావు?”

మల్లారి దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతే వెన్నలా కరిగిపోయింది. “ఆఁ, అదీ! అందరూ చూడండిరా. ఊపిరి బిగబట్టడం కాదు, ఊపిరిని నిదానంగా వదలడం. మేకలు కాసిన చెయ్యి చూడండి ఎంత నిలకడగా ఉందో!”

ఆరేళ్ళ కిందట ఇదే చోట ఇదే దళవాయి ‘అందరూ ఇంగళుణ్ణి చూడండిరా’ అన్నాడు. అది తలచుకుని ఇంగళుడు నారి తెగేలా లాగాడు. గుర్రపు సాధనలోనైనా తన గొప్ప నిలుస్తుందనుకుంటే, అతను మేపి పెంచిన గుర్రం, పిడుగు అని పేరు, రౌతును వదిలేసి వెళ్ళి మల్లారి అరచెయ్యి నాకుతూ నిలబడింది. జీతం బత్తెం లేని జంతువు! దానికి కూడా వాడే కావలసివచ్చాడు!

మధ్యాహ్నానికి మట్టికన్ను పందానికి అరవైమందిలో మిగిలింది ఇద్దరే. ఎవరో వేరే చెప్పనక్కరలేదు. చింతచెట్ల నీడలో సంకటి ముద్దలు పెట్టారు. మల్లారి పక్కనే వచ్చి కూర్చుని, తన ఆకులోని బెల్లంముక్క తీసి ఇంగళుడి ఆకులో పెట్టాడు.

“తీసుకో అన్నా. నీకిష్టం గదా.”

“నీకు వద్దా?”

“నాకు నువ్వు గుంటలో ఉంటే చాలు. నీ గురిమాట వింటే నా చెయ్యి దానంతటదే కుదురుకుంటుంది. మా కొండల్లో ఎవరు చెబుతారన్నా అంత ఖచ్చితంగా? వేలెడు పక్కకి పోతే వేలెడు అంటావు, గోరంత పోతే గోరంత అంటావు.”

వద్దంటే మనసులో మాట బయటపడుతుందని ఇంగళుడు బెల్లం నోట్లో వేసుకున్నాడు. తియ్యగా ఉంది. అందుకూ కోపం వచ్చింది.

ఎండ వాలుతూండగా ధవళసేన మహారాజు ఏనుగు దిగి వచ్చాడు. నెల రోజుల్లో ఆయనకు పదేళ్ళు మీద పడ్డాయి. మెడలో ముత్యాలు, భుజాన జరీ ఉత్తరీయం, వెనక వెండి గొడుగు పట్టినవాళ్ళు, అన్నీ ఉన్నాయి. ఆ కళ్ళలో మాత్రం కూతురి కోసం ఎదురుచూపు తప్ప మరేమీ లేదు. నడిమి బొమ్మ ముఖాన మట్టికన్ను అతికించారు. దాని నడుమ బెజ్జం నల్లగా, చిన్నగా, అరవై బారల దూరానికి ఆవగింజలా కనిపించింది. ఒక్కొక్కరికి ఒక్కటే బాణం. చీటీ తీస్తే మొదటి వంతు మల్లారికి వచ్చింది.

ఎర్రజెండా పైకి లేచింది. అది ఎగురుతున్నంతసేపూ గుంటలోవాడు తప్ప ఇంకెవరూ బొమ్మల వైపు అడుగు వేయకూడదు. ఇంగళుడు గుంటలోకి దిగి కూర్చున్నాడు. తలపైన రెండు చేతుల ఎత్తున మట్టికన్ను. చుట్టూ చల్లటి మట్టివాసన.

‘తప్పాలి’ అనుకున్నాడు. ‘ఈ ఒక్కసారికి తప్పాలి. తరువాత జన్మంతా తగలనీ.’

“మల్లారి బాణం!”

ఈల వేసినట్టు చిన్న చప్పుడు. అంతే. కన్ను కదల్లేదు. పిసరంత మట్టి రాలలేదు. వెనక ఇసుకదిబ్బలో మాత్రం ఏదో దిగిన శబ్దం వచ్చింది. ఇంగళుడు గుంట ఎక్కి బొమ్మ పక్కనుంచి తొంగిచూశాడు. బాణం బెజ్జం అంచునైనా తాకకుండా అందులోంచి దూరి, గడ్డిని చీల్చుకుని, ఇసుకలో ఈకల దాకా దిగింది. ఆకుపచ్చ దారం గాలికి అల్లల్లాడుతోంది. చెయ్యి చాచి ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

దూరంనుంచి చూసేవాళ్ళకు కనిపించేది చెక్కుచెదరని కన్ను. అసలు సంగతి తెలిసినవాడు ఈ భూమ్మీద ఒక్కడే, ఆ గుంటలో ఉన్నవాడు.

“గురిమాట!” అని అక్కడినుంచి చండకేతుడు కేక పెట్టాడు.

ఇంగళుడు బాణం వైపే చూశాడు. బయ్యమ్మ ఒళ్ళో ఆకుపచ్చ కట్ట గుర్తొచ్చింది. ‘అందరూ చూడండిరా’ గుర్తొచ్చింది. అరచెయ్యి నాకిన గుర్రం గుర్తొచ్చింది.

“గురిమాట ఏదిరా?”

“తప్పింది!” అని ఇంగళుడు అరిచాడు. “దిబ్బ మీంచి గుట్టల్లోకి పోయింది!”

ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అని తనే ఒక్క క్షణం దిక్కులు చూశాడు. అటు బయలులో అయ్యో అన్న హోరు లేచింది. అతను బొమ్మ చాటున గబగబా బాణాన్ని పెరికి, దారం తెంపబోయాడు. బయ్యమ్మ వేసిన ముడి! గోళ్ళు విరిగాయి గానీ ముడి ఊడలేదు. తన వంతుకని ఒక ఎర్రదారం బాణాన్ని చేత పట్టుకుని, దీన్ని పొదిలో మిగిలినవాటి మధ్యకు తోసి, పొది మూతికి తలగుడ్డ విప్పి చుట్టేశాడు.

మల్లారి ఎదురొచ్చాడు. ముఖం వాడిపోయింది గానీ గొంతులో కల్మషం లేదు.

“విచిత్రంగా ఉందన్నా. చేతినుంచి వదిలినప్పుడు తగిలిందనే అనిపించింది. పోనీలే. నువ్వన్నాక అంతే. నీది తగలాలి.”

వాడు వెళ్ళి గుంటలో దిగాడు. ఇంగళుడు గీత దగ్గర నిలబడి నారి సారించాడు. వీపున పొదిలోంచి వేడి తగులుతోంది. ఆ వేడికి మోచెయ్యి గోరంత పక్కకి జరిగింది.

“ఇంగళుడి బాణం!”

మల్లారి గుంటలోంచి ఎగిరి గంతేశాడు. “కన్ను అంచు! కుడి అంచు! గోరంత మట్టి రాలింది!” అని, తనే గెలిచినట్టు కేకలు వేస్తూ, బాణం పెరికి రెండు చేతులా తెచ్చి ఇచ్చాడు. వెంట్రుకవాసి ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

“అంచు అంటే బెజ్జంలోంచి పోనట్టే గదా” అన్నాడు మహారాజు నీరసంగా.

ఇంగళుడు తలగుడ్డ సందులోంచి ఆ బాణాన్ని పొదిలోకి జారవిడిచాడు. చండకేతుడు అనుమానంగా వచ్చి పొది మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“వెచ్చగా ఉంది ప్రభూ! తోలు మీంచే కాలుతోంది! అంచు తగిలినా గురువుగారి మంత్రం పారింది!”

గురిబయలు దద్దరిల్లిపోయింది. డప్పులు మోగాయి. మహారాజు ఇంగళుడి మెడలో చేమంతి దండ వేసి, “నా తల్లిని తెచ్చిపెట్టు నాయనా” అన్నాడు. ఇంగళుడు ఆరేళ్ళుగా కలగన్న క్షణం అది. ఎందుకోగానీ దండ మెడకు గుచ్చుకుంటోంది.

బయ్యమ్మ కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

“తలగుడ్డ పొదికి చుట్టావేం నాయనా?”

“ఎండ అవ్వా.”

“ఎండ కొట్టేది తలకి గదా?” అని ఆవిడ ఇంకేదో అనబోతూండగానే బయలు మీద నీడ పడింది.

మబ్బేమో అనుకున్నారు. మబ్బు కాదు. పడమటి ఎండను సగానికి కోస్తూ రాకాసి డేగ దిగుతోంది! రాగిరేకుల్లాంటి రెక్కలు, ఒక్కో ఈక అంచునా నిప్పు పాకుతున్నట్టు ఎరుపు. కొడవళ్ళలాంటి గోళ్ళు. తాటికాయలంతేసి పసుప్పచ్చ కళ్ళు, వాటి లోపల పొగలాగా సుళ్ళు తిరుగుతున్న మాంత్రికుడి ప్రాణం. రెక్క విసురుకు వెండిగొడుగు నది మధ్యకు ఎగిరిపోయింది. ఏనుగు ఘీంకరించి పరుగు లంకించుకుంది. అరవై విళ్ళు ఒక్కసారి పేర్లు పలికి బాణాలు వదిలాయి. అవి దాని ఒంటికి తగిలి గడ్డిపోచల్లా రాలాయి.

కాలధూముడికి తన చావును మోసే బాణం పుట్టిన సంగతి తెలిసిపోయింది. ఆ బాణం ఎవడిదో వాణ్ణి పట్టుకురమ్మని డేగను పంపాడు. అది నేరుగా ఇంగళుడి ముందు వాలింది. దండతో నిలబడ్డవాణ్ణి ఒక కన్ను అప్పగించి పైనుంచి కిందికి చూసింది.

డేగ ముక్కుతో ఆ దండను ఒక్క తోపు తోసి, మొహం తిప్పేసుకుంది.

రెండో క్షణంలో గుంట దగ్గరికి ఎగిరి, మట్టికన్ను ఊడదీయడానికి వెనక్కి వెళ్ళిన మల్లారిని గోళ్ళ మధ్య ఇరికించుకుని పైకి లేచింది.

నవ్వుకోండి, నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ సమయంలో ఇంగళుడి మనసులో మొట్టమొదట మెదిలిన మాట, ‘దీనికి కూడా వాడే కావలసివచ్చాడూ!’ అని. అసూయ మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది మరి.

ఆ మాట మెదిలీ మెదలకముందే పైనుంచి కేక వినిపించింది. “అన్నా! ఇంగళన్నా!” దళవాయిని పిలవలేదు, దేవుణ్ణి పిలవలేదు. జంటకాణ్ణి పిలిచాడు.

ఇంగళుడు నోరు మూసుకుని నిలబడితే చాలు. వాడు పోతాడు, వాడితోపాటే నిజమూ పోతుంది. దండ ఉంటుంది, పేరు ఉంటుంది. పొదిలో బాణం మాత్రం వీపును నిప్పుకణికలా కాలుస్తోంది.

తలగుడ్డ లాగి పారేసి ఆ బాణం తీశాడు. నారికి తొడిగాడు. చెవిదాకా లాగాడు. ఇంకా ఆశ చావలేదు చూడండి! దారం ఎవరు చూడొచ్చారులే అనుకుని, “ఇంగళుడి బాణం!” అని అరిచి వదిలాడు.

బాణం విల్లు దాటలేదు. ఎవరో పక్కకు నెట్టినట్టు నారిమీంచి జారి అతని కాలివేళ్ళ ముందు పడింది. అరవైమంది చూశారు. మహారాజు చూశాడు. ఎర్రటి సాయంత్రపు ఎండలో ఆకుపచ్చ దారం అందరికీ కనిపించింది.

“అది నా మల్లారి ముడి!” అంది బయ్యమ్మ. ఆవిడ గొంతు పెద్దగా లేదు, అయినా అందరికీ వినిపించింది.

డేగ అప్పటికే గుట్టల ఎత్తు దాటుతోంది. ఇంకో నాలుగు రెక్కలు కొడితే ఏ విల్లుకూ అందదు. ఇంగళుడు వంగి బాణం తీసుకున్నాడు. వేళ్ళు చుర్రుమన్నాయి. దండ తెంపి అవతల పడేశాడు. ఆరేళ్ళ పేరు, ఆరేళ్ళ మీసం, అన్నీ ఆ కిందే పడేసి, నరాలు తెగేలా గొంతెత్తాడు.

“మల్లారి బాణం!”

ఆ పేరు విన్నదే తడవుగా బాణం పిడుగులా లేచిపోయింది. గుట్టలు ఆ పేరును రెండుసార్లు తిరిగి పలికాయి. ఆకాశంలో ఒక మెరుపు, ఒక అరుపు. డేగ ఎడమ కంట్లోంచి నల్లటి పొగ బుస్సున ఎగజిమ్మింది. అది గింగిరాలు తిరుగుతూ, ఒంటికన్నుతో దారి తెలియక నది మీద వంకర చుట్లు కొట్టసాగింది. గోళ్ళు మాత్రం విప్పలేదు.

కాలధూముడి సగం ప్రాణం పోయింది. మిగతా సగం కుడికంట్లో ఉంది. దాన్ని తీయగల బాణం ఒక్కటే, అది ఎడమకంట్లో ఇరుక్కుని ఉంది.

చండకేతుడు వచ్చి ఇంగళుడి ఎదుట నిలిచాడు. కొండలాంటి మనిషి, కళ్ళు తడిసి ఉన్నాయి.

“గుంటలో ఏం చూశావురా?”

“బెజ్జంలోంచి పోయింది దళవాయిగారూ. అంచు కూడా తాకలేదు.” ఇంగళుడు విల్లు రెండు చేతులా చాచాడు. “కానివ్వండి.”

దళవాయి దాన్ని మోకాలికి ఆనించి ఫెళ్ళున విరిచాడు. మూడు తరాల తరువాత ఆ బయలు మళ్ళీ ఆ చప్పుడు విన్నది. ఇంగళుడు తల వంచుకుని ఆ ముక్కల వైపు చూశాడు. బావురుమని ఏడవాలనిపించింది, కానీ తీరిక లేదు.

“తల తీయించమంటారా ప్రభూ?” అన్నాడు చండకేతుడు.

“తల తరువాత” అన్నాడు మహారాజు నది మీదికి చూస్తూ. “మల్లారి దాని గోళ్ళలో ఉన్నాడు. బాణం చేతికందేంత దగ్గర. వాడు పెరికి మళ్ళీ గుచ్చలేడూ?”

“బాణం ఎవరి పేరున పోయిందో వాడే వేసినట్టు, వాడు ముట్టుకోకూడదు బాబయ్యా” అంది బయ్యమ్మ. “ముట్టుకుంటే మంత్రం చల్లారిపోతుంది. జంటకాడే పెరకాలి.” కర్ర ఎత్తి ఇంగళుడి వైపు చూపించింది. “లోకం మొత్తంలో ఆ పని చెయ్యగలవాడు ఈ అబద్ధాలకోరు ఒక్కడే. నిలబడ్డావేంరా, వెళ్ళు! ఇంకా దండ వేయాలా నీకు?”

ఇంగళుడు ఒక్క గంతులో పిడుగును ఎక్కాడు. చేతిలో విల్లు లేదు, నడుమున కత్తి తప్ప మరో ఆయుధం లేదు. గుర్రం మల్లారి పోయిన దిక్కుకే చెవులు రిక్కించి, చెప్పకుండానే దౌడు తీసింది. ఎర్రమట్టి లేచింది. గడ్డిబొమ్మలు వెనక్కి పారిపోయాయి. ఎదుట నీలివేణి నది, అవతలి ఒడ్డున ధూమగిరి దారి మొదలయ్యే నల్లరాతి సందు. డేగ నీటిమీద తాటిచెట్టంత ఎత్తున తడబడుతూ ఆ సందులోకే పోతోంది. సందులో పొగ నోరు తెరుచుకుని ఉంది.

పైనుంచి మల్లారి గొంతు వినిపించింది. ముఖం నిండా నల్లటి పొగ, వాడికి ఏమీ కనిపించడం లేదు.

“ఇంగళన్నా! నా పేరు విన్నానన్నా! ఎక్కడ తగిలింది? గురిమాట చెప్పు!”

ఇంగళుడు జీనుమీద లేచి నిలబడ్డాడు.

“కన్ను! ఎడమ కన్ను, నట్టనడుమ! నువ్వు దాన్ని ముట్టుకోకు, నేను వస్తున్నా!”

తరువాత మల్లారి గొంతే మళ్ళీ, ఈసారి మెల్లగా, భయపడుతూ అడిగినట్టు.

“మరి... గుంటలో నువ్వున్నప్పుడు వేసింది?”

పిడుగు ఒడ్డు అంచుకు చేరింది. కింద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఇంగళుడి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

“అదీ కన్నేరా మల్లారీ!” అని నది రెండు ఒడ్డులూ వినేలా అరిచాడు. “అదీ కన్నే!”

అని గుర్రాన్ని నదిలోకి దూకించాడు.